‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ దోషం: లినక్స్‌లో ఓపెన్ ఫైళ్ల పరిమితిపై తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ సర్వర్లను చూసుకునేవారికీ, వాటి మీద నడిచే ప్రోగ్రాములు రాసేవారికీ ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అనే సందేశం ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అది కనబడగానే చాలామంది ఎక్కడో దొరికిన పెద్ద సంఖ్యను ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో పెట్టేసి సర్వీసును రీస్టార్ట్ చేస్తారు. దానితో ఒక్కోసారి సమస్య నిజంగానే తీరుతుంది, ఒక్కోసారి కొద్ది రోజులు వాయిదా పడుతుంది, ఒక్కోసారి ఆ మార్పు అసలు ఆ ప్రోగ్రాము దాకా చేరనే చేరదు. అందుకే ఆ సంఖ్య జోలికి వెళ్లేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: తగిలింది ఏ పరిమితి, ప్రోగ్రాము దాని దాకా ఎందుకు వచ్చింది. కింది జవాబులన్నీ ఆ రెంటి చుట్టూనే తిరుగుతాయి. కమాండ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి.

## ఈ దోషం ఎప్పుడు వస్తుంది?

ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) ఏదైనా ఫైలును తెరవమని అడిగినప్పుడు కర్నెల్ (లినక్స్ మూలభాగం) దానికి ఒక చిన్న పూర్ణసంఖ్యను ఇస్తుంది. దాన్నే ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. ఆ తర్వాత చదవాలన్నా, రాయాలన్నా, మూసేయాలన్నా ప్రాసెస్ ఆ సంఖ్యనే చూపిస్తుంది. 0, 1, 2 సంఖ్యలు స్టాండర్డ్ ఇన్‌పుట్, స్టాండర్డ్ అవుట్‌పుట్, స్టాండర్డ్ ఎర్రర్‌లకు పోతాయి కాబట్టి ప్రోగ్రాము స్వయంగా తెరిచే మొదటి ఫైలుకు మామూలుగా 3 వస్తుంది. ఆ క్షణంలో ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న సంఖ్యనే కర్నెల్ ఇస్తుంది. పరిమితి 1024 అయితే 0 నుంచి 1023 వరకు మాత్రమే ఇవ్వగలదు. అవన్నీ వాడుకలో ఉండగా మరొకటి అడిగితే, ఇవ్వకుండా 24 అనే దోష సంఖ్యను తిరిగి పంపుతుంది. ప్రోగ్రామర్లు దీన్నే ‘ఈఎమ్‌ఫైల్’ అంటారు. లాగ్‌లో మనం చదివే సందేశం ఆ సంఖ్యకు ఉన్న పాఠమే.

## నా ప్రోగ్రాము పట్టుమని పది ఫైళ్లు కూడా తెరవదు. అయినా ఈ దోషం ఎందుకు వస్తోంది?

డిస్క్ మీది ఫైళ్లు మాత్రమే లెక్కలోకి వస్తాయనుకోవడం వల్లే ఈ సందేహం వస్తుంది. ప్రతి నెట్‌వర్క్ సాకెట్‌కు (కనెక్షన్ కొసకు) ఒక డిస్క్రిప్టర్ కావాలి, ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే ప్రతి పైపుకు రెండు కావాలి. ఈపోల్ (అనేక డిస్క్రిప్టర్లను ఒకేసారి కనిపెట్టుకుని ఉండేది), టైమర్, ఈవెంట్, ఐనోటిఫై వంటి కర్నెల్ వస్తువులు తలా ఒకటి తీసుకుంటాయి. డేటాబేస్ కనెక్షన్ పూల్‌లో ఖాళీగా కూర్చున్న కనెక్షన్ కూడా ఒక డిస్క్రిప్టరును పట్టుకునే ఉంటుంది. వెబ్ సర్వర్లలో ఈ దోషం వచ్చిన చోట చూస్తే ఎక్కువ భాగం సాకెట్లే ఉంటాయి, అసలు ఫైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

## సందేశం చివర ‘ఇన్ సిస్టమ్’ అని కూడా ఉంటే తేడా ఏమిటి?

చాలా తేడా ఉంది. ఆ రెండు మాటలు ఉంటే దోష సంఖ్య 24 కాదు, 23. ఇక్కడ ఒక్క ప్రాసెస్ పరిమితి కాదు, మొత్తం యంత్రం పరిమితి నిండిందన్నమాట. ఆ హద్దును ‘ఎఫ్ఎస్ డాట్ ఫైల్-మ్యాక్స్’ అనే కర్నెల్ సెట్టింగు నిర్ణయిస్తుంది. ప్రాక్ డైరెక్టరీలో సిస్, ఎఫ్ఎస్ కింద ఉండే ‘ఫైల్-ఎన్ఆర్’ అనే ఫైలును చదివితే మూడు సంఖ్యలు కనబడతాయి: మొదటిది కర్నెల్ ఇప్పటికి కేటాయించినవి, మూడోది గరిష్ఠం, మధ్యది 2.6 కర్నెల్ నుంచీ ఎప్పుడూ సున్నాయే. ఈ హద్దును కర్నెల్ మామూలుగా ర్యామ్‌ను బట్టి నిర్ణయిస్తుంది. యంత్రంలో సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే ‘సిస్టమ్‌డీ’ 2018లో వచ్చిన 240వ వెర్షన్ నుంచి దాన్ని దాదాపు హద్దే లేనంతగా పెంచేశారు. కాబట్టి కొత్త యంత్రాల్లో 23వ దోషం అరుదు. ఈ పేజీలో మిగతాదంతా 24వ దోషం గురించే.

## సాఫ్ట్ లిమిట్, హార్డ్ లిమిట్ అని రెండెందుకు?

కర్నెల్ నిజంగా అమలు చేసేది సాఫ్ట్ లిమిట్‌నే. హార్డ్ లిమిట్ దానికి పైకప్పు: ప్రాసెస్ తన సాఫ్ట్ లిమిట్‌ను ఎవరి అనుమతీ లేకుండా హార్డ్ లిమిట్ దాకా పెంచుకోవచ్చు, ఆ పైకి పోవాలంటే మాత్రం రూట్‌కు ఉండే ప్రత్యేక అధికారం కావాలి. హార్డ్ లిమిట్‌ను తగ్గించుకోవడం ఎవరికైనా వీలే, కానీ ఒకసారి తగ్గించాక సాధారణ యూజరు దాన్ని మళ్లీ పెంచలేడు.

ఇక్కడే బ్యాష్‌లో ఒక చిక్కుంది. పరిమితులను చూపించి, మార్చే యూలిమిట్ కమాండుతో ‘యూలిమిట్ -ఎన్ 2048’ అని కొడితే సాఫ్ట్, హార్డ్ రెండూ 2048కి మారిపోతాయి. అంతకుముందు హార్డ్ లిమిట్ 524288 ఉంటే అది కూడా పడిపోతుంది, ఆ షెల్‌లో ఇక 2048 దాటడానికి దారి ఉండదు. సాఫ్ట్‌ను మాత్రమే మార్చాలనుకుంటే ‘యూలిమిట్ -ఎస్ఎన్ 2048’ అని రాయాలి. చూడటానికైతే ‘-ఎస్ఎన్’ సాఫ్ట్‌నూ, ‘-హెచ్ఎన్’ హార్డ్‌నూ చూపిస్తాయి.

## ఇన్నేళ్లయినా సాఫ్ట్ లిమిట్ ఇంకా 1024 దగ్గరే ఎందుకు ఉంది?

అది అలవాటు కొద్దీ మిగిలిపోయిన సంఖ్య కాదు. దాని వెనుక ‘సెలెక్ట్’ అనే పాత సిస్టమ్ కాల్ ఉంది. ఒకేసారి అనేక డిస్క్రిప్టర్లను కనిపెట్టుకుని ఉండటానికి అది వాడే బిట్ పట్టికలో 1024 స్థానాలే ఉంటాయి. డిస్క్రిప్టర్ సంఖ్య 1024 గానీ అంతకు మించి గానీ ఉన్నప్పుడు, జాగ్రత్త తీసుకోని ప్రోగ్రాము ఆ పట్టిక హద్దు దాటి పక్క మెమరీలో రాసేస్తుంది. అప్పుడు వచ్చేది శుభ్రమైన దోష సందేశం కాదు, ఎక్కడో సంబంధం లేని చోట కుప్పకూలడం. పాత ప్రోగ్రాములకు ఆ ముప్పు రాకూడదనే సాఫ్ట్ లిమిట్‌ను 1024 దగ్గరే ఉంచి, సిస్టమ్‌డీ 240 నుంచి హార్డ్ లిమిట్‌ను మాత్రం 524288కి పెంచారు. పోల్, ఈపోల్ వాడే కొత్త ప్రోగ్రాములు ఎక్కువ కావాలంటే తామే సాఫ్ట్ లిమిట్‌ను పైకి జరుపుకోవాలన్నది ఈ ఏర్పాటులోని ఉద్దేశం. ఇది సరైన ఏర్పాటే అని మా అభిప్రాయం. గో భాష 1.19 నుంచి ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడే ఈ పని చేస్తుంది. జావా వర్చువల్ మెషీన్ కూడా లినక్స్‌లో సాఫ్ట్‌ను హార్డ్ దాకా తానే పెంచుకుంటుంది. అందుకే ఒకే యంత్రంలో, ఒకే సెట్టింగుల కింద, జావా ప్రోగ్రాము హాయిగా నడుస్తుంటే పక్కనే ఉన్న పైథాన్ ప్రోగ్రాము 1024 దగ్గర ఆగిపోవడం వింతేమీ కాదు.

## నడుస్తున్న ప్రాసెస్‌కు పరిమితి ఎంతో, అందులో ఎంత వాడిందో ఎలా చూడాలి?

మీ షెల్‌లో యూలిమిట్ కొట్టి చూస్తే తెలిసేది మీ షెల్ పరిమితి మాత్రమే. సర్వీసుగా నడుస్తున్న ప్రోగ్రాముకు దానితో సంబంధం లేదు. ఈ ఒక్క పొరపాటు వల్ల ఎంతోమంది రోజుల తరబడి తప్పు చోట వెతుకుతారు.

నిజం తెలిసేది ప్రాక్ డైరెక్టరీలో. ప్రాసెస్ ఐడీ 4321 అనుకుంటే, ప్రాక్‌లోని 4321 ఫోల్డరులో ‘లిమిట్స్’ అనే ఫైలు ఉంటుంది. అందులో ‘మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్’ అనే వరుస ఎదురుగా సాఫ్ట్, హార్డ్ సంఖ్యలు కనబడతాయి. అదే చోట ‘ఎఫ్‌డీ’ అనే ఉపఫోల్డరులో తెరిచి ఉన్న ప్రతి డిస్క్రిప్టరుకూ ఒక లింకు ఉంటుంది. ఆ లింకులను లెక్కపెడితే ప్రస్తుత వాడకం తేలుతుంది. వేరే యూజరు ప్రాసెస్‌ను చూడాలంటే రూట్ అధికారం అవసరం.

తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ‘ఎల్ఎస్ఓఎఫ్ -పీ 4321’ కూడా వాడవచ్చు కానీ దాని వరుసలను లెక్కపెట్టి పరిమితితో పోల్చకూడదు. ప్రాసెస్ ఉన్న డైరెక్టరీ, ప్రోగ్రాము ఫైలు, మెమరీలోకి మ్యాప్ అయిన లైబ్రరీలు అన్నీ అందులో వరుసలుగా వస్తాయి. అవేవీ డిస్క్రిప్టర్లు కావు. లెక్కకు ప్రాక్, వివరాలకు ఎల్ఎస్ఓఎఫ్ అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

## ఇది లీకా, లేక నిజంగానే పరిమితి చాలడం లేదా? ఎలా తేల్చుకోవాలి?

ఈ పేజీ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పరిమితి దాకా రావడానికి మూడు దారులున్నాయి. ఒకటి, ప్రోగ్రాము తెరిచినవాటిని మూయకపోవడం; దీన్నే లీకు అంటారు. రెండు, నిజంగానే అన్ని కనెక్షన్లు అవసరం కావడం. మూడు, ప్రోగ్రాము పనిని అదుపు లేకుండా ఒక్కసారిగా మొదలుపెట్టడం.

తేడా తెలియాలంటే ఎఫ్‌డీ ఫోల్డరులోని లెక్కను కొన్ని నిమిషాలకొకసారి నమోదు చేసి, ఒక పూట గడిచాక ఆ వరుసను చూడాలి. రద్దీ పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గుతుంటే అది నిజమైన అవసరం. పరిమితి పెంచడమే సరైన మందు. రద్దీ తగ్గినా లెక్క దిగకుండా, మెట్లు ఎక్కినట్టు పైకే పోతుంటే అది లీకు. అప్పుడు పరిమితిని 1024 నుంచి 65536కి పెంచడం అంటే చిల్లుపడిన కుండ బదులు పెద్ద చిల్లుకుండ తెచ్చుకోవడమే. దోషం పోదు, వచ్చే రోజు మారుతుంది, అది కూడా ఎవరూ ఎదురుచూడని సమయానికి మారుతుంది.

మూడో రకం ఈ రెంటికీ భిన్నంగా కనబడుతుంది: లెక్క మామూలుగా యాభై, అరవై దగ్గర ఉంటూ, ఒక్కసారిగా పరిమితిని తాకి, వెంటనే కిందికి వచ్చేస్తుంది. నోడ్ జేఎస్‌లో వేల ఫైళ్ల జాబితా తీసుకుని అన్నిటినీ ఏకకాలంలో చదవమని అడిగే కోడ్ దీనికి మంచి ఉదాహరణ. ఇక్కడ మూయడం మరచిపోయిందేమీ లేదు, పరిమితి తక్కువా కాదు. ఒకేసారి ఇరవయ్యో, యాభయ్యో ఫైళ్లను మాత్రమే తెరిచేలా ఒక వరుస పెడితే సమస్య శాశ్వతంగా పోతుంది, చాలాసార్లు మొత్తం పనికి పట్టే సమయం కూడా పెరగదు.

## లీకు అని తేలింది. అది కోడ్‌లో ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ముందు ఏ రకం డిస్క్రిప్టర్లు పేరుకుంటున్నాయో చూడండి. ‘ఎల్ఎస్ -ఎల్’ తో ఎఫ్‌డీ ఫోల్డరును తెరిస్తే ప్రతి సంఖ్య పక్కన అది దేన్ని చూపిస్తోందో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చిన్న సర్వరులో 0 ‘డెవ్ నల్’ అనే ఖాళీ పరికరాన్ని, 1, 2 లాగ్ సాకెట్‌ను, 3 ఈపోల్‌ను, మరొకటి రెండు వినికిడి సాకెట్లను (కొత్త కనెక్షన్ల కోసం ఎదురుచూసేవి), ఆ తర్వాత ఏవో కొన్ని కనెక్షన్లను చూపిస్తాయి. లీకున్న చోట జాబితాను కిందికి జరిపే కొద్దీ ఒకే రకం వరుస వందల సార్లు ఎదురవుతుంది: ఒకే కాన్ఫిగరేషన్ ఫైలు పేరు, లేదా వరుసగా పైపులు, లేదా వరుసగా సాకెట్లు. లింకులను చదివి, ‘సార్ట్’ చేసి, ‘యూనిక్ -సీ’ తో లెక్కవేస్తే ఇది ఒక్క చూపులో తెలుస్తుంది. అయితే ప్రతి సాకెట్ పక్కన బ్రాకెట్లలో వేరే ఐనోడ్ సంఖ్య ఉంటుంది కాబట్టి, లెక్కవేసే ముందు ఆ సంఖ్యలను తొలగించాలి. లేకపోతే సాకెట్లన్నీ విడివిడిగా కనబడి అసలు రాశి కళ్లబడదు.

అదే ఫైలు పేరు మళ్లీ మళ్లీ వస్తే సగం పని అయిపోయినట్టే. ఆ ఫైలును తెరిచే చోటును కోడ్‌లో వెతకడమే మిగిలింది. సాకెట్లయితే ‘ఎస్ఎస్’ కమాండుతో వాటి స్థితిని చూడాలి. చాలావాటి స్థితి ‘క్లోజ్-వెయిట్’ అని ఉంటే అర్థం స్పష్టం: అవతలి వైపు కనెక్షన్ ముగించింది, మీ ప్రోగ్రాము మాత్రం తన వైపు మూయలేదు. కర్నెల్ దీన్ని తనంతట తాను మూయదు, మూసే బాధ్యత పూర్తిగా ప్రోగ్రాముదే. ‘టైమ్-వెయిట్’ స్థితిలో ఉన్నవాటిని చూసి మాత్రం కంగారుపడనక్కర్లేదు. వాటిని ప్రోగ్రాము మూసేసింది, కర్నెల్ తన లెక్క కోసం కొద్దిసేపు ఉంచుకుంటుంది, అవి డిస్క్రిప్టర్లను పట్టుకుని ఉండవు.

ఇంకా దొరకకపోతే, ప్రోగ్రాము కర్నెల్‌ను అడిగే ప్రతి కాల్‌నూ చూపించే ‘ఎస్‌ట్రేస్’ తో ఓపెన్‌యాట్, సాకెట్, యాక్సెప్ట్4, క్లోజ్ కాల్స్‌ను మాత్రమే కొద్దిసేపు గమనించి, తెరుచుకున్న ఏ సంఖ్యకు జత మూసివేత లేదో చూడవచ్చు. ఇది ప్రోగ్రామును బాగా నెమ్మది చేస్తుంది కాబట్టి రద్దీ వేళ వాడకండి.

లీకులు ఎక్కువగా దాగేది దోషం వచ్చినప్పుడు నడిచే దారుల్లో. పని సజావుగా సాగితే మూసే వరుస దాకా కోడ్ చేరుతుంది. మధ్యలో ఎక్సెప్షన్ వస్తే చేరదు. అందుకే పరీక్షల్లో ఏమీ కనబడని లీకు, అవతలి సర్వీసు మొరాయించిన రోజు విజృంభిస్తుంది. పైథాన్‌లో ‘విత్’, జావాలో ‘ట్రై-విత్-రిసోర్సెస్’, గోలో ‘డిఫర్’ ఉన్నది ఇందుకే. గోలో హెచ్‌టీటీపీ జవాబు బాడీని మూయకపోవడం, ఏ భాషలోనైనా ప్రతి అభ్యర్థనకూ కొత్త హెచ్‌టీటీపీ క్లయింటును సృష్టించడం తరచుగా కనబడే కారణాలు. పైథాన్‌ను ‘-ఎక్స్ డెవ్’ ఎంపికతో నడిపితే మూయకుండా వదిలేసిన ఫైళ్లపై ‘రిసోర్స్ వార్నింగ్’ ఇస్తుంది. దాన్ని పరీక్షల్లో ఎప్పుడూ వాడుతుండమని గట్టిగా చెబుతాం.

మరో దారి పిల్ల ప్రాసెస్‌లు. ఫోర్క్ (కొత్త ప్రాసెస్‌ను పుట్టించడం), ఎగ్జెక్ (అందులో వేరే ప్రోగ్రామును నడపడం) తర్వాత కూడా తెరిచి ఉన్న డిస్క్రిప్టర్లు పిల్లకు వారసత్వంగా పోతాయి. తెరిచేటప్పుడే ‘ఓ-క్లోఎగ్జెక్’ గుర్తు పెడితే ఎగ్జెక్ సమయంలో అవి మూతపడతాయి. పైథాన్ 3.4 నుంచి ఇది మామూలు పద్ధతి అయింది. సీ భాషలో మాత్రం మీరే గుర్తుపెట్టుకుని రాయాలి.

## లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలులో పెద్ద సంఖ్య పెట్టాను. అయినా సర్వీసుకు పాత పరిమితే ఎందుకు ఉంది?

ఈటీసీ, సెక్యూరిటీ కింద ఉండే ఆ ఫైలును చదివేది కర్నెల్ కాదు, లాగిన్ సమయంలో నడిచే ‘పామ్ లిమిట్స్’ అనే మాడ్యూల్. సిస్టమ్‌డీ మొదలుపెట్టే సర్వీసు లాగిన్ కాదు, అందుచేత ఆ ఫైలు దానికి వర్తించదు. సర్వీసు పరిమితిని సర్వీసు యూనిట్‌లోనే చెప్పాలి: ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’ తో ఆ సర్వీసుకు ఒక ఓవర్‌రైడ్ తెరిచి, ‘సర్వీస్’ విభాగం కింద ‘లిమిట్‌నోఫైల్=65536’ అని రాసి, సర్వీసును రీస్టార్ట్ చేయాలి. ఒకే సంఖ్య ఇస్తే సాఫ్ట్, హార్డ్ రెండూ అదే అవుతాయి. ‘8192:524288’ అన్నట్టు కోలన్‌తో విడదీస్తే మొదటిది సాఫ్ట్, రెండోది హార్డ్. ఆ తర్వాత తప్పనిసరిగా ప్రాక్‌లో కొత్త ప్రాసెస్ లిమిట్స్ ఫైలును చదివి మార్పు నిజంగా చేరిందని నిర్ధారించుకోండి.

లాగిన్ షెల్ నుంచే నడిపే ప్రోగ్రాము విషయంలో కూడా మార్పు చేరకపోతే మూడు చోట్ల చూడాలి. మార్పు కొత్త లాగిన్‌కే వర్తిస్తుంది, ఇప్పటికే తెరిచి ఉన్న సెషన్‌కు కాదు. ఒకే టెర్మినల్‌లో అనేక విండోలు నడిపే టీమక్స్ వాడేవారికి ఇది మరింత తికమక పెడుతుంది: మీరు లాగౌట్ అయి మళ్లీ వచ్చినా, టీమక్స్ సర్వరు ప్రాసెస్ పాతదే నడుస్తూ ఉంటుంది, దానిలో తెరిచే ప్రతి కొత్త విండోకూ పాత పరిమితే వారసత్వంగా వస్తుంది. మూడోది రూట్: నక్షత్రం గుర్తుతో రాసిన వరుస రూట్‌కు వర్తించదు, రూట్ పేరుతో విడిగా మరో వరుస రాయాలి.

ఒక హెచ్చరిక. ఏ ప్రాసెస్‌కూ ‘ఎఫ్ఎస్ డాట్ ఎన్ఆర్-ఓపెన్’ సెట్టింగును మించిన పరిమితి ఇవ్వడం కుదరదు; కర్నెల్‌లో దాని మామూలు విలువ 1048576. లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో దాన్ని మించిన సంఖ్య రాస్తే లాగిన్ సమయంలో పరిమితి పెట్టడం విఫలమై, కొన్ని వ్యవస్థల్లో మీరు సర్వరులోకి ప్రవేశించలేకపోవచ్చు. అందుకే ఆ ఫైలును మార్చేటప్పుడు ఉన్న సెషన్‌ను మూయకుండా, మరో టెర్మినల్ నుంచి లాగిన్ అయి చూసిన తర్వాతే మొదటిదాన్ని వదలండి.

## ‘సుడో యూలిమిట్’ అంటే కమాండు దొరకలేదని ఎందుకు వస్తుంది?

యూలిమిట్ విడి ప్రోగ్రాము కాదు, షెల్ లోపలి కమాండు. సుడో విడి ప్రోగ్రాములను మాత్రమే నడపగలదు. ఒకవేళ నడిపినా, మారేది ఆ కొత్త ప్రాసెస్ పరిమితి తప్ప మీ షెల్‌ది కాదు.

## సర్వీసును ఆపకుండా పరిమితి పెంచవచ్చా?

పెంచవచ్చు. ‘పీఆర్‌లిమిట్’ కమాండుకు ప్రాసెస్ ఐడీనీ, ‘నోఫైల్’ కొత్త విలువనూ ఇస్తే మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది. అర్ధరాత్రి సర్వరు ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడు ఇది నిజంగా ప్రాణం నిలిపే కమాండు. కానీ ఇది ఆ ప్రాసెస్ బతికున్నంత వరకే పనిచేస్తుంది, రీస్టార్ట్ అయితే పాత విలువ తిరిగొస్తుంది. మొదలయ్యేటప్పుడే పరిమితిని చదివి దాన్ని బట్టి తమ పట్టికల పరిమాణం నిర్ణయించుకునే ప్రోగ్రాములకు దీనివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

## ఎంత పెట్టాలి? అన్నిటికీ అపరిమితం అని పెట్టేస్తే పోదా?

లెక్క వేసి పెట్టండి. రివర్స్ ప్రాక్సీగా, అంటే వెనుకనున్న సర్వర్ల ముందు నిలబడి, పనిచేసే ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో ప్రతి క్లయింటుకు రెండు డిస్క్రిప్టర్లు పోతాయి, ఒకటి క్లయింటు వైపు, మరొకటి వెనుకనున్న సర్వరు వైపు. ఒక వర్కరు 4000 మంది క్లయింట్లను మోయాలంటే 8000, దాని మీద లాగ్‌లు, వినికిడి సాకెట్లు, తాత్కాలిక ఫైళ్లు. అలాంటి చోట 16384 పెడితే తగినంత వెసులుబాటు ఉంటుంది. ‘వర్కర్-ఆర్‌లిమిట్-నోఫైల్’ అనే సెట్టింగుతో దాన్ని ఎన్‌జిన్‌ఎక్స్‌లోనే చెప్పవచ్చు. ఎలాస్టిక్‌సెర్చ్ కనీసం 65535 అడుగుతుంది, మాంగోడీబీ 64000 సిఫారసు చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ తీరు వేరు: ఒక్కో ప్రాసెస్ 1000 ఫైళ్లకు మించి తెరవకుండా తనకు తానే హద్దు పెట్టుకుని, అవసరాన్ని బట్టి మూసి తెరుస్తుంటుంది. దాన్ని వాడేవారు మొత్తం ప్రాసెస్‌ల సంఖ్యతో గుణించి యంత్రం హద్దును చూసుకోవాలి.

అపరిమితం మాత్రం పెట్టకండి. కొన్ని పాత ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు 3 నుంచి పరిమితి దాకా ఉన్న ప్రతి సంఖ్యనూ ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోతాయి. పరిమితి 1024 అయితే అది కంటికి కనబడని పని. వంద కోట్లు దాటితే ఆ ప్రోగ్రాము నిమిషాల తరబడి సీపీయూను తినేస్తూ కదలకుండా ఉండిపోతుంది. మరికొన్ని పరిమితికి తగ్గ పరిమాణంలో పట్టికను ముందే మెమరీలో తయారుచేసుకుంటాయి. ఒకేసారి ఒక వరుస మొత్తాన్ని మూసే ‘క్లోజ్-రేంజ్’ కాల్ లినక్స్ 5.9లో, 2020లో వచ్చింది. దాన్ని వాడుకోని ప్రోగ్రాములు ఇంకా చాలానే ఉన్నాయి. పైగా లీకున్న ప్రోగ్రామును ఆపే గోడ ఈ పరిమితే. అది లేకపోతే లీకు కర్నెల్ మెమరీ దాకా పోతుంది.

## కంటైనర్లలో పరిస్థితి ఏమిటి?

కంటైనరు (ప్రోగ్రామును మిగతా యంత్రం నుంచి వేరుచేసి నడిపే ఏర్పాటు) లోపలి ప్రాసెస్‌కు పరిమితి కంటైనర్ రన్‌టైమ్ సర్వీసు నుంచి వారసత్వంగా వస్తుంది, హోస్ట్‌లోని లిమిట్స్ డాట్ కాన్ఫ్ నుంచి కాదు. డాకర్‌లో అయితే ‘--యూలిమిట్ నోఫైల్’ ఎంపికతో కంటైనరుకు విడిగా చెప్పవచ్చు, కంపోజ్ ఫైలులోనూ ఇందుకు విభాగం ఉంది. హోస్ట్ మీద వెంటనే మొదలయ్యే ప్రోగ్రాము కంటైనరు లోపల నిమిషాల కొద్దీ మొదలుకాకపోతే, పైన చెప్పిన వంద కోట్ల సంగతిని మొదట అనుమానించండి. అక్కడ మందు పరిమితిని పెంచడం కాదు, తగ్గించడం.

## ఈ దోషం మరో వేషంలో వస్తుందా?

వస్తుంది, అదే దీనిలోని పెద్ద ఇబ్బంది. డిస్క్రిప్టర్లు నిండిన ప్రాసెస్ కొత్త సాకెట్ తెరవలేదు కాబట్టి డీఎన్ఎస్ అడగలేదు. లాగ్‌లో ‘హోస్ట్ దొరకలేదు’ అని ఉంటుంది, అందరూ నెట్‌వర్క్ వైపు పరుగెడతారు. సర్టిఫికెట్ ఫైలును చదవలేక ‘సర్టిఫికెట్ లేదు’ అనవచ్చు. లైబ్రరీని తెరవలేక అది ఇన్‌స్టాల్ కాలేదన్నట్టు ఫిర్యాదు చేయవచ్చు. కొత్త లాగ్ ఫైలునే తెరవలేక మౌనంగా ఉండిపోవచ్చు కూడా. సంబంధం లేని నాలుగైదు దోషాలు ఒకేసారి ఒకే ప్రాసెస్‌లో మొదలైతే ముందుగా ఎఫ్‌డీ లెక్క చూడండి.

సర్వర్లలో మరో లక్షణం సీపీయూ నూరు శాతానికి చేరడం. కొత్త కనెక్షన్ వచ్చిందని ఈపోల్ చెబుతుంది, ప్రోగ్రాము దాన్ని స్వీకరించబోతే 24వ దోషం వస్తుంది, కనెక్షన్ వరుసలోనే ఉంటుంది, ఈపోల్ మళ్లీ అదే చెబుతుంది. ఆ చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. జాగ్రత్తగా రాసిన సర్వర్లు దీనికోసం మొదట్లోనే డెవ్ నల్‌ను తెరిచి ఒక డిస్క్రిప్టరును పక్కన పెట్టుకుంటాయి. ఇబ్బంది వచ్చినప్పుడు దాన్ని మూసి, ఖాళీ అయిన చోట కనెక్షన్‌ను స్వీకరించి వెంటనే ముగించి, మళ్లీ దాన్ని తెరిచి పెట్టుకుంటాయి. అలా చేస్తే అవతలివారు ఊరికే ఎదురుచూడకుండా ఉంటారు.

## లెక్క పరిమితిలో సగం కూడా లేదు, అయినా అదే సందేశం వస్తోంది. ఎలా?

ఫైళ్లలో మార్పులను గమనించే ఐనోటిఫై కారణం కావచ్చు. ఒక యూజరు సృష్టించగల ఐనోటిఫై ఇన్‌స్టాన్సుల సంఖ్యకు విడిగా హద్దు ఉంది. ‘ఎఫ్ఎస్ డాట్ ఐనోటిఫై డాట్ మ్యాక్స్-యూజర్-ఇన్‌స్టాన్సెస్’ అనే ఆ సెట్టింగు మామూలు విలువ 128 మాత్రమే. అది నిండినా కర్నెల్ అదే 24వ దోషాన్ని ఇస్తుంది, కాబట్టి పాఠం చూసి రెంటినీ వేరు చేయలేం. ‘టెయిల్ -ఎఫ్’ నడిపినప్పుడు ఐనోటిఫై వాడలేకపోతున్నానని చెబితే ఇదే కారణం. యూలిమిట్‌ను ఎంత పెంచినా ఇక్కడ ప్రయోజనం ఉండదు, ఆ సెట్టింగునే సిస్‌సీటీఎల్‌తో పెంచాలి. దాని తోబుట్టువైన ‘మ్యాక్స్-యూజర్-వాచెస్’ నిండితే వచ్చే సందేశం ఇంకా విచిత్రం: డిస్క్‌లో చోటు లేదంటుంది.

## మ్యాక్‌ఓఎస్, విండోస్‌లలో?

మ్యాక్‌ఓఎస్‌లో మామూలు సాఫ్ట్ లిమిట్ 256 మాత్రమే, అందుకే లినక్స్‌లో నడిచిన బిల్డ్ అక్కడ ఆగిపోతుంది. ఆ షెల్ వరకైతే యూలిమిట్ చాలు. ‘లాంచ్‌సీటీఎల్ లిమిట్ మ్యాక్స్‌ఫైల్స్’ వ్యవస్థ విలువలను చూపిస్తుంది. విండోస్‌లో ఈ రకమైన పరిమితి కర్నెల్‌లో కాక సీ రన్‌టైమ్‌లో ఉంటుంది: ఒకేసారి 512 స్ట్రీములు తెరవవచ్చు, ‘సెట్‌మ్యాక్స్‌స్టడియో’ ఫంక్షన్‌తో దాన్ని 8192 దాకా పెంచుకోవచ్చు.

## మళ్లీ రాకుండా ముందే కనిపెట్టడం ఎలా?

దోషం వచ్చాక కాదు, లెక్క పరిమితిలో 70 శాతానికి చేరినప్పుడే హెచ్చరిక వచ్చేలా మానిటరింగ్ పెట్టండి. ప్రొమీథియస్ క్లయింట్ లైబ్రరీలు చాలావరకు తెరిచిన డిస్క్రిప్టర్ల లెక్కనూ, గరిష్ఠ పరిమితినీ తామే అందిస్తాయి, ఒకదాన్ని మరోదానితో భాగిస్తే చాలు. శాతంతో పాటు వంపును కూడా చూడాలి: రద్దీ బాగా తగ్గే వేళ ఉండే కనిష్ఠ లెక్కను రోజూ పోల్చండి. ఆ కనిష్ఠం వారం వారం పైకి జరుగుతుంటే శాతం ఎంత తక్కువ ఉన్నా అది లీకే, ఆ సర్వీసులో ఇటీవల చేర్చిన కోడ్ నుంచి వెతకడం మొదలుపెట్టవచ్చు. వారానికొకసారి రీస్టార్ట్ చేసే అలవాటున్న సర్వీసుల్లో ఈ వంపు ప్రతిసారీ మొదటికి వచ్చి కనబడకుండా పోతుంది కనుక, అలాంటిచోట ఆ రీస్టార్ట్‌ను ఒకసారి వాయిదా వేసి గమనించండి.